పైపులైనా, బ్యాంకా: సాయం దేనికిస్తే మేలు?

అమెరికా ఆదివాసీ మహిళల నాయకత్వం గురించి మాట్లాడితే నాకు రెండు పనులు ముందు గుర్తొస్తాయి: విల్మా మాన్‌కిల్లర్ వేయించిన నీళ్ల పైపులైను, ఎలూయిజ్ కొబెల్ పెట్టించిన బ్యాంకు. దాత చేతిలో కొంత సొమ్ముంటే ఏ దారికి ఇవ్వాలి?

ఓక్లహోమాలోని బెల్, చెరోకీ అనే ఆదివాసీ తెగవాళ్ల పల్లె. 1980ల మొదట్లో అక్కడ చాలా ఇళ్లకు కుళాయి లేదు. మాన్‌కిల్లర్ గ్రాంట్లు తెచ్చారు కానీ పనిని కాంట్రాక్టరుకు అప్పగించలేదు. దాదాపు 16 మైళ్ల లైనును కుటుంబాలవారీగా పంచారు. ఎవరి వాటా వాళ్లే తవ్వి పైపు వేసుకోవాలి. వీళ్లు కలిసి పనిచేస్తారా అని పెదవి విరిచినవాళ్లున్నారు. అయినా లైను పూర్తయింది. 1985లో ఆమె చెరోకీ నేషన్‌కు, అంటే ఆ తెగ ప్రభుత్వానికి, తొలి మహిళా ప్రిన్సిపల్ చీఫ్ (అధినేత) అయ్యారు. డబ్బు బయటిదైనా పెత్తనం ఊరిదే కావడం ఇందులో గొప్ప. ఒక్కటే గుచ్చుకుంటుంది: పట్నంలో కుళాయి కావాలంటే ఎవరినీ గొయ్యి తవ్వమనరు, శ్రమదానం ఎప్పుడూ పేదల వంతే.

కొబెల్ దారి వేరు. ఆమె మోంటానాలో బ్లాక్‌ఫీట్ తెగకు ట్రెజరర్‌గా పనిచేశారు. ఆ ప్రాంతంలో ఉన్న ఒక్క బ్యాంకూ మూతపడింది. తెగ భూముల్లో చాలావరకు ఫెడరల్ ప్రభుత్వ ట్రస్టులో ఉంటాయి, అంటే తెగవాళ్ల తరఫున వాటిపై హక్కు ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది కాబట్టి వాటిని తాకట్టు పెట్టుకోవడానికి బయటి బ్యాంకులు జంకుతాయి. పొలం ఉన్నా అప్పు పుట్టదు. 1987లో తెగ సొంతంగా బ్యాంకు తెరిచింది. 2001లో మరికొన్ని తెగలు కలిసి దాన్నే నేటివ్ అమెరికన్ బ్యాంకుగా పెంచాయి. ఆ ట్రస్టు భూముల రాబడిని ప్రభుత్వం జమచేసే ఖాతాల లెక్క చెప్పమని కొబెల్ 1996లో ప్రభుత్వం మీద వేసిన కేసు 2009లో 340 కోట్ల డాలర్ల రాజీ దాకా వెళ్లింది.

తాగునీళ్లు లేని ఊరికి ముందు నీళ్లే, అందులో వాదన లేదు. అది తీరాక నా ఓటు బ్యాంకుకే. గ్రాంటు ఒకసారి ఖర్చయితే అయిపోయినట్టే. అప్పు తిరిగొచ్చి ఇంకో ఇంటికి వెళ్తుంది. అయితే నెలనెలా రాబడి లేని ఇంటికి బ్యాంకు తలుపు తెరుచుకోదు, అలాంటివాళ్లకు గ్రాంటు ఉండాల్సిందే.

దాతలు మాత్రం పైపులైనువైపే మొగ్గుతారు. దానికైతే ఫొటో ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. బ్యాంకు మూలధనానికి ఇస్తే ఏళ్ల తరబడి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. అంత ఓపిక లేనివాళ్లు పైపులైనుకే ఇవ్వొచ్చు, కాకపోతే లైను ఎటు పోవాలో ఊరినే తేల్చుకోనివ్వాలి.