మానేశానని రాసివ్వాలా, తీసేశారని రాయించుకోవాలా: ఏది మేలు?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఓ హార్డ్‌వేర్ షాపులో మా బావ పనిచేసేవాడు. గుమాస్తాలు, కలాసీలు కలిపి మొత్తం ఆరుగురు. బావ చేరి తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు, జీతం నెలకు 12,000. మొన్న సంక్రాంతి వెళ్లాక ఓ సాయంత్రం షావుకారు పిలిచి, "బేరాలు నేవురా, ఇద్దర్ని తగ్గించక తప్పదు" అన్నారు. 20,000 బల్ల మీద పెట్టి, పక్కనే ఓ కాగితం ఉంచారు. అందులో ఉన్నది ఒకటే మాట: సొంత పనుల వల్ల నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను. బావ రేపు చెబుతానని వచ్చేసి రాత్రి నాకు ఫోన్ చేశాడు. "సంతకం ఎట్టీమంతావేటిరా?"

సంతకం పెట్టి ఇచ్చింది తీసుకోవడం ఒక దారి. తొలగించినట్టు రాయించుకుని, చట్టం చెప్పిన లెక్క ప్రకారం అడగడం రెండోది. లేబర్ ఆఫీసుకో కోర్టుకో ఎక్కడం మూడోది. ఆ రాత్రి మేం ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాం.

మొదటి దారి తేలికే, కాదనను. డబ్బు ఆ పూటే చేతికొస్తుంది. షావుకారితో మాట పోదు. రేపు ఇంకో షాపులో చేరేటప్పుడు ఆయన "మంచి కుర్రాడే" అని ఒక మాట చెబుతారు. మన ఊళ్లలో ఆ మాటకు విలువుంది. కానీ ఆ కాగితం చేసే పని వేరే ఉంది. పనిలోంచి తీసేస్తే పరిహారం ఇవ్వాలి, తనంతట తాను మానేస్తే అక్కర్లేదు. ఆ ఒక్క వాక్యంతో తొలగింపు కాస్తా రాజీనామా అయిపోతుంది. తెల్ల కాగితం మీద సంతకం అడిగితే అది ఇంకా ప్రమాదం, తర్వాత దాని మీద ఏం రాస్తారో మన చేతిలో ఉండదు.

"అంత చిన్న షాపుకి చట్టాలేటి?" అన్నాడు బావ. దాదాపు అందరూ అనుకునేది ఇదే. సగమే నిజం. గ్రాట్యుటీ, ఈఎస్ఐ పదిమంది ఉన్నచోట వర్తిస్తాయి, పీఎఫ్‌కు ఇరవై మంది ఉండాలి. ఆరుగురి షాపులో ఈ మూడూ రావు. కానీ పనివాళ్లను తగ్గించినప్పుడిచ్చే పరిహారానికి ఇంతమంది ఉండాలన్న షరతు లేదు. ఏడాది నిరంతర సర్వీసు చాలు, అంటే 12 నెలల్లో 240 రోజుల పని. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇదే ఉండేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే ఉంది. ఒక నెల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ నెల జీతం ఇవ్వాలి. దాని మీద, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే అదీ ఏడాదే.

బావ తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు అలా పదేళ్లయ్యాయి. ఏడాదికి 6,000 చొప్పున 60,000, నోటీసు నెలకు 12,000, కలిపి 72,000. ఇది కాక, తొలగించిన కార్మికుడి కోసం యజమాని మరో 15 రోజుల వేతనం నైపుణ్య నిధికి కట్టాలనీ, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలనీ కోడ్‌లో ఉంది. బల్ల మీద పెట్టింది 20,000. ఫోన్లో కాసేపు బావ ఏమీ మాట్లాడలేదు.

డబ్బుకు తోడు రెండో దారిలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకే రకం పని చేసేవాళ్లలో మామూలుగా ఆఖరున చేరినవాణ్ని ముందు తగ్గించాలి. ఏడాదిలోపు ఆ షాపులో మళ్లీ మనిషిని పెట్టుకుంటే, తీసేసిన పాతవాడికే ముందు అవకాశం ఇవ్వాలి. మానేశానని రాసిచ్చినవాడు ఈ రెండూ అడగలేడు. షాపు మొత్తంగా మూసేసినా పరిహారం ఇదే లెక్క. యజమాని చేతిలో లేని కారణాల వల్ల మూతపడితే మూడు నెలల సగటు వేతనానికి మించదు గానీ, నష్టాలొచ్చాయనో, సరుకు పేరుకుపోయిందనో, లీజు అయిపోయిందనో చెబితే అంతమాత్రాన అవి ఆ కారణాల కిందికి రావు.

మూడో దారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. లేబర్ ఆఫీసులో దరఖాస్తుకు వకీలు అక్కర్లేదు. ఇరుపక్షాలనూ పిలిచి రాజీ కుదర్చడానికి అధికారికి 45 రోజులుంటాయి. కుదరకపోతే 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే కోర్టుకు వెళ్లాలి. మనకు అది విశాఖపట్నంలో. వాయిదా పడినప్పుడల్లా రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీలు అదనం. నెగ్గినా మళ్లీ పనిలో పెట్టమనే ఆదేశం వస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఇలాంటి కేసుల్లో కోర్టులు ఈమధ్య ఏకమొత్తం డబ్బుకే ఎక్కువ మొగ్గుతున్నాయి. పైగా 240 రోజులు పనిచేశానని చూపించే భారం మొదట కార్మికుడిదేనని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మస్తరు, అంటే హాజరు పట్టీ, లేని షాపులో అది ఎలా? ఫోన్‌పేలో పడిన జీతాలు, బావ చేతిరాత ఉన్న బిల్లులు, సరుకు దించుకున్న చలాన్ల మీద సంతకాలు, ఇవే సాక్ష్యాలు. షాపులో ఉండగానే వాటిని ఫొటో తీసుకోవాలి. గుమ్మం దిగాక దొరకవు. వకీలు కావలసి వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేదు.

పలాస జీడి బట్టీల్లో చేసే ఆడవాళ్లకు వచ్చే చిక్కు వేరు. వాళ్లను తీసేశామని ఎవరూ అనరు, "కబురెడతాం" అంటారు. యాభై మంది లేని చోట పని ఆపిన రోజులకు లేఆఫ్ పరిహారం రాదు. కబురు కోసం చూస్తూ కూర్చుంటే, దరఖాస్తుకు వివాదం మొదలైన నాటి నుంచి ఉండే రెండేళ్ల గడువు కరిగిపోతుంది. వాళ్లు రెండు మూడు నెలలకు మించి ఆగకుండా దరఖాస్తు పెట్టుకోవడమే మంచిదని నేననుకుంటాను.

నా లెక్కలో ఏడాది నిండనివాడు రావలసిన జీతం తీసుకుని వెళ్లిపోవడం మేలు. ఆ జీతమైనా రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. నాలుగైదేళ్లు దాటినవాడు మాత్రం రాజీనామా మీద సంతకం పెట్టకూడదు. అడగవలసింది రెండో దారిలో, తేల్చుకోవలసింది లేబర్ ఆఫీసు గదిలో. కోర్టు దాకా పోకుండా అక్కడ ఆగగలిగితే ఇద్దరికీ మంచిది. షావుకారి బేరాలు పడిపోయిన మాట అబద్ధం కాదు, 72,000 ఒక్కసారి తీయడం ఆయనకూ కష్టమే. అందుకే వాయిదాలకు ఒప్పుకోమని బావకు చెప్పాను, మొత్తం తగ్గించుకోవద్దన్నాను.

మర్నాడు లెక్క రాసి పట్టుకెళ్తే షావుకారు కోప్పడ్డారు. దరఖాస్తు పెట్టాం. రెండో పిలుపుకు ఆయన వచ్చారు. అధికారి ముందు 40,000 చెక్కు, మిగతాది రెండు నెలల్లో అని ఒప్పందం రాసుకున్నారు. బావ పట్టుబట్టి అందులో పెట్టించిన వాక్యం ఇది: వ్యాపారం తగ్గినందున యాజమాన్యం ఇతణ్ని పనిలోంచి తగ్గించింది.