మన లేసు మీద రాసిన పరిశోధన మన ఫోన్లో: శోధ్‌గంగ గురించి

నరసాపురం దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగూ క్రాఫ్టూ చెప్తాను. ఇంట్లో అమ్మ ఇప్పటికీ లేసు అల్లుతుంది. పిల్లలకి మన చేతిపనుల గురించి నాలుగు నమ్మకమైన మాటలు చెప్పాలని వెతుకుతూ శోధ్‌గంగ అనే వెబ్‌సైటు వాడటం మొదలుపెట్టాను. ఇప్పుడు క్లాసుకి తయారవ్వాలంటే ముందు తెరిచేది అదే. పీహెచ్‌డీ చేసేవాళ్లకి దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ గడప తొక్కని మనలాంటి వాళ్లకి ఇది ఎంత ఉపయోగమో చెప్పేవాళ్లే కనపడలేదు, అందుకే రాస్తున్నాను.

దేశంలోని విశ్వవిద్యాలయాల్లో ఆమోదం పొందిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలని (థీసిస్‌లని) ఒకచోట పెట్టే డిజిటల్ భాండాగారం ఇది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న, యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతోంది. సిద్ధాంత గ్రంథాన్ని డిజిటల్ రూపంలో కూడా ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో నిబంధన పెట్టింది. ఇప్పుడు అందులో 5 లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. చదవడానికి లాగిన్ కూడా అడగదు.

ఇదివరకు థీసిస్ అంటే ఒక కాపీ యూనివర్సిటీ లైబ్రరీలో, ఒకటి గైడ్ గారి దగ్గర, ఇంకొకటి రాసినవాళ్ల బీరువాలో ఉండేవి. మన లేసు మీద ఎవరో పరిశోధన చేశారని తెలిసినా, చూడాలంటే వాల్తేరు వెళ్లాలి, లోపలికి రానివ్వడానికి ఒక ఉత్తరం పట్టుకెళ్లాలి. కొల్లేరు మీదా, కొబ్బరి మీదా, కోరింగ మడ అడవుల మీదా, డెల్టా కాలవల మీదా మనవాళ్లు ఏళ్ల తరబడి తిరిగి రాసింది మన ఊళ్లలోనే ఎవరూ చదవలేదు. ఇప్పుడు చదవచ్చు. నా దృష్టిలో ఈ సేవ విలువంతా ఇక్కడే ఉంది.

వాడటం ఎలాగో చెప్తాను, ఎందుకంటే మొదటిసారి తెరిచినవాళ్లు ఏమీ దొరకలేదని మూసేసే అవకాశం ఉంది. మన ఊరి పేరుని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. నర్సాపూర్ అని, నరసాపురం అని, నరసాపూర్ అని అన్ని రకాలుగానూ కొట్టి చూడాలి. తెలుగు శాఖ గ్రంథాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, వాటికీ ఇదే పద్ధతి. అలా దొరకకపోతే యూనివర్సిటీ పేరు ఎంచుకుని, శాఖ ఎంచుకుని, వరుసగా చూసుకుంటూ పోవడం మేలు. నాకు మంచివన్నీ అలాగే దొరికాయి.

ఒక్కో గ్రంథం అధ్యాయాల వారీగా విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటుంది. 01 అని మొదలయ్యేది శీర్షిక పేజీ, తర్వాత ధ్రువపత్రం, విషయసూచిక, ఆ తర్వాత అధ్యాయాలు. సిగ్నల్ సరిగా రాని మా వైపు ఇదే నయం, కావలసిన అధ్యాయం ఒక్కటే దించుకోవచ్చు. 80 రికమెండేషన్ అనే ఫైల్ చివర్లో ఉంటే ముందు దాన్నే తెరవండి. అందులో శీర్షిక, ముగింపు అధ్యాయం కలిపి ఉంటాయి. పుస్తకం మనకి పనికొస్తుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రతి గ్రంథానికీ ఒక శాశ్వత లింకు ఇస్తారు. దాన్ని దాచుకోండి, సైటు రూపం మారినా అది పనిచేస్తుంది.

లేసు పనివాళ్ల ఆర్థిక పరిస్థితి మీద ఒక గ్రంథం దొరికింది. ఊరూరూ తిరిగి, ఆడవాళ్లని అడిగి, పట్టికలు వేసి రాశారు. రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు, దారం ఎవరిస్తారు, కూలి ఎవరి చేతిలో పెడతారు, చూపు మందగించాక ఏం చేస్తారు అన్నీ ఉన్నాయి. చేతిపని చేసేవాళ్లు వేరు, ఆ ముక్కల్ని కలిపే అతుకుపని వాళ్లు వేరు, ఇద్దరికీ మధ్య ఏజెంటు. ఈ తేడా పట్టుకున్నారంటే ఆ పరిశోధకురాలు నిజంగా అరుగుల మీద కూర్చుందన్నమాట. రాత్రి అమ్మకి ఒక అధ్యాయం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కూలి పట్టిక దగ్గరికి వచ్చేసరికి చేతిలో సూది ఆపింది.

"ఆ రేటు ఎవరు చెప్పారే?"

"అడిగి రాసుకున్నారమ్మా. పేర్లు వేయలేదు."

"చెప్పినావిడ ఏజెంటు ఎదురుగా కూర్చుని చెప్పుంటుంది. లేకపోతే అంత ఎందుకు చెప్తుంది?"

ఇది పరిశోధకురాలిని తప్పు పట్టే మాట అని నేను అనుకోను. పీహెచ్‌డీ పరీక్షకులకి తట్టని ప్రశ్న లేసు సూది పట్టుకున్న మనిషికి వెంటనే తట్టింది. ఆ పుస్తకం ఎవరి గురించి రాశారో వాళ్ల చేతికి అందినందువల్లే ఆ ప్రశ్న బయటికొచ్చింది. అయితే నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తే గానీ అది అందలేదు. ప్రతి గ్రంథానికీ నాలుగు పేజీల తెలుగు సారాంశం జతచేస్తే ఎంత బాగుంటుంది! సర్వేకి జవాబులిచ్చిన ప్రతి ఇల్లూ చదువుకోగలుగుతుంది.

తెలుగులోనే రాసిన గ్రంథాలకి వేరే చిక్కుంది. కొన్ని కాగితం మీంచి స్కాన్ చేసినవి, అంటే అక్షరాలన్నీ బొమ్మలే. కొన్ని ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి, ఒక వాక్యం కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. లోపల ఏ మాట వెతికినా దొరకదు, పేజీలు తిప్పుకోవాల్సిందే. ఇది ఆ గ్రంథాలు ఎక్కించిన చోట జరిగిన పని. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరాలు తెలుగుగానే ఉండే యూనికోడ్ పద్ధతి వచ్చి ఇన్నేళ్లయింది కాబట్టి కొత్తగా రాసేవాళ్లకి ఈ ఇబ్బంది ఉండకూడదు.

ఇక బొమ్మలు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇవే. ఒక గ్రంథం చివర లేసు డిజైన్ల ఫొటోలు వేశారు. ఎక్కించిన వాళ్లు నలుపు తెలుపులో, తక్కువ నాణ్యతతో స్కాన్ చేశారు. లేసులో కన్నాలే డిజైను. దారం ఎక్కడ ఉందో ఎంత ముఖ్యమో, ఎక్కడ లేదో అంత ముఖ్యం. ఆ స్కానులో కన్నాలన్నీ పూడుకుపోయి ఒక మచ్చలా కనపడుతోంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, పువ్వు అయితే పోల్చింది గానీ రేకు ఎలా తిప్పారో చెప్పలేకపోయింది. ఆంధ్ర చిత్రకళ మీద రాసిన ఇంకో గ్రంథంలోనూ ఇంతే. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1897లో పుట్టి 1925లో, 27 ఏళ్లకే పోయారు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో కళ్లారా చూసినవాళ్లకి, అవి జిరాక్సు మరకల్లా కనపడితే ప్రాణం ఉసూరుమంటుంది. వర్ణాల గురించి పేజీలకి పేజీలు రాసి, పక్కన బూడిద రంగు బొమ్మ!

పోల్చి చూడటానికి అమెరికాలోని రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ వాళ్ల డిజిటల్ కామన్స్ కూడా తెరిచాను. 1877లో మొదలైన కళాశాల అది. విద్యార్థులూ అధ్యాపకులూ చేసిన పరిశోధనని, కళాకృతులని ఒకేచోట పెట్టారు. వస్త్రకళ చదివిన ఒక విద్యార్థిని మాస్టర్స్ థీసిస్ చూశాను. నేత ముక్కలు పేజీ నిండా రంగుల్లో ఉన్నాయి, పెద్దది చేసి చూస్తే పోగు పోగూ లెక్కపెట్టవచ్చు. రాత కన్నా బొమ్మకే ఎక్కువ చోటు. అక్కడ బొమ్మ కూడా పరిశోధనే. మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలకి అది చూపిస్తే, ఇంగ్లీషు ముక్క చదవకుండానే గ్రాఫ్ కాగితం తీసుకుని గళ్లు నింపడం మొదలుపెట్టారు.

శోధ్‌గంగ డాక్టరేట్ గ్రంథాల కోసం పెట్టింది. చిత్రకళలో డిగ్రీ, పీజీ చేసిన పిల్లల చివరి ఏడాది పనులు అందులో లేకపోవడం దాని లోపం కాదు. కానీ ఆ పనులు మరి ఎక్కడ ఉండాలి? ప్రదర్శన మూడు రోజులు జరుగుతుంది, కాన్వాసులు ఇంటికి పోతాయి, తర్వాత అటక మీదికి. మన విశ్వవిద్యాలయాలు వాటికోసం తమ సొంత సేకరణ పెట్టుకోవాలి. ఫోన్ కెమెరాలే ఇంత బాగున్న రోజుల్లో ఇది ఖర్చు మాట కాదు, పట్టింపు మాట.

మా లేసుకి ఇది ఇంకా అవసరం. నరసాపురం లేసుకి 2024లో, ఇది ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఉప్పాడ జాందానీకి 2009లోనే వచ్చింది. యంత్రం మీద తీసిన లేసు చవగ్గా వచ్చి పడుతున్నప్పుడు, ఈ పువ్వు మాది, ఈ అంచు ఫలానా ఊళ్లో ఇలా తిప్పుతారు అని చూపించడానికి స్పష్టమైన బొమ్మలు కావాలి. వాటి కింద ఆ డిజైను అల్లినామె పేరుండాలి. సర్వేలో జవాబు చెప్పినవాళ్ల పేర్లు దాచడం న్యాయమే. ఆమె కళకి పేరు దాచడం ఏం న్యాయం? నేను చూసిన ఫొటోల కింద ఊరి పేరుంది, సంస్థ పేరుంది, అల్లిన మనిషి పేరు ఒక్కచోటా లేదు.

మార్కులు వేయమంటే ఐదుకి నాలుగు. ఉచితంగా, అడ్డు లేకుండా, ఫోన్లో తెరుచుకునేలా ఇంత పరిశోధన పెట్టినందుకు ఆ నాలుగు. టీచర్లు, చేనేత సంఘాల వాళ్లు, పంచాయతీల్లో పనిచేసే చదువుకున్న పిల్లలు, తమ ఊరి మీద ఎవరేం రాశారో చూడాలనుకునే ఎవరైనా తప్పక వాడండి. పూర్తి గ్రంథం చదవక్కర్లేదు, సర్వే పట్టికలూ ముగింపూ చదివినా చాలు.

ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకి ఒక మనవి. ఫొటోలు రంగుల్లో, కనీసం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేయించి ఇవ్వండి. లేసు, జాలీ పనులైతే ముదురు గుడ్డ మీద పరిచి తీయండి. అల్లినామెని అడిగి, ఒప్పుకుంటే పేరు వేయండి. తెలుగు యూనికోడ్‌లో టైపు చేయండి. సమర్పించాక ఆ లింకు మీరు తిరిగిన ఊళ్లకి వాట్సాప్‌లో పంపండి. అమ్మ లాంటి వాళ్లు చదివించుకుని, ఎక్కడ సరిగ్గా లేదో మీకు చెప్తారు.