పూర్ణా మార్కెట్‌లో కొన్న గోనె సంచి, ఆరు నెలల తర్వాత

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక చిన్న షాపులో 280 రూపాయలు పెట్టి జనపనార సంచి కొన్నాను. ఆరు నెలలుగా వారానికి రెండుసార్లు వాడుతున్నాను. కూరగాయలు, పది కిలోల బియ్యం, ఒకసారి పెళ్లికి కొబ్బరికాయలు కూడా అందులోనే మోశాను. బావుంది, కొనొచ్చు. కాకపోతే రెండు విషయాలు చూసుకుని కొనాలి. అవి నాకెలా తెలుసంటే నేను జూట్ మిల్లు పక్కన పెరిగాను.

మాది చిట్టివలస. నాన్న మిల్లులో మగ్గాల మీద పనిచేసేవారు. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ మా ఊరి పక్కనుంచే పోతుంది, మిల్లు ఆ ఏటి ఒడ్డునే. పొద్దున్న మిల్లు కూత వేస్తే అమ్మ ఎసరు పెట్టేది, రెండో కూతకి నాన్న గుమ్మం దాటేవారు. షిఫ్టు దిగి వచ్చేటప్పటికి ఆయన జుట్టులో, కనుబొమల మీద సన్నటి నూగు. చొక్కాకి నూనె వాసన. పొడినారని అలాగే వడికితే పోగు తెగుతుంది, అందుకని ముందే నూనె, నీళ్లు కలిపి చల్లి మెత్తబరుస్తారు. కరెంటు పోయిన రాత్రి కూడా ఆ వాసనని బట్టే నాన్న వచ్చారని తెలిసేది నాకు.

ఇంకో వాసన కూడా ఉండేది, అది ఊరందరిదీ. గోగు కోసి కట్టలు కట్టి చెరువుల్లో, గెడ్డల్లో రెండు మూడు వారాలు నానబెట్టేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకేమో అది ఫలానా కాలం వచ్చిందని గుర్తు. మొలలోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఉతికి, దండేల మీద ఆరేసేవారు. ఆకు ఇంట్లో పులుసులోకి, నార మిల్లుకి, మిగిలిన తెల్లపుల్ల పొయ్యిలోకి. ఈ గోగునారకే వ్యాపారంలో మా భీమిలి పేరు, 'బిమ్లీపటం జూట్' అనేవారు. ఆ మాట నాన్న చెప్పినప్పుడల్లా గొంతు కొంచెం పెద్దదయ్యేది.

2009లో మిల్లు మూతపడింది. ఏరు ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపిద్దామంటే, మగ్గాల చప్పుడు లేకుండా ఏం చూపించను?

సరే, సంచి సంగతి. మొదటిది, లోపల చెయ్యి పెట్టి తడమండి. చాలా సంచులకి లోపలివైపు పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, జారుడుగా తగులుతుంది. తడి ఆగుతుందని అలా చేస్తారు గానీ, అది కొంటే ప్లాస్టిక్ మానినట్టు కాదు కదా. షాపులో నాకు ముందు అదే ఇచ్చారు. పొర లేనిది అడిగితే వెనకనుంచి తెచ్చారు. అడగండి, ఉంటాయి.

రెండోది పిడి కుట్టు. రెండో నెలలోనే ఒక పిడి ఊడొచ్చింది, బియ్యం మెట్ల మీద పోయాయి. షాపుకి తీసుకెళ్తే కుట్టు మా బాధ్యత కాదన్నారు, నాకు చాలా బాధేసింది. నాన్న దగ్గరికి పట్టుకెళ్తే సంచిని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశారు. "నేత మంచిదేనమ్మా, పోగు సమంగా ఉంది. కుట్టినవాడే తొందరపడ్డాడు" అన్నారు. దబ్బనం, పురికొస తెప్పించుకుని రెండు పిళ్లూ ఆయనే మళ్లీ కుట్టారు. ఆ తర్వాత ఎంత బరువు వేసినా కదల్లేదు. మీరు కొంటే మొదటిరోజే ఇంకో వరస కుట్టించుకోండి.

నానబెట్టి ఉతక్కండి, తడిస్తే జనపనార బలం తగ్గుతుంది. దులిపి, తడిగుడ్డతో తుడిచి ఎండలో వేస్తే చాలు. కుట్టుకి ఒక మార్కు తీసేసి 5కి 4 ఇస్తాను.

పోయిన వారం అదే షాపులో నాన్నకి ఒకటి కొని తగరపువలస తీసుకెళ్లాను. ఈసారి వెలుగుకి ఎత్తి పట్టుకుని చూడలేదాయన. మడత విప్పి, సంచిలో మొహం పెట్టి కాసేపు అలాగే ఉన్నారు. "నూనె వాసన పోలేదింకా" అన్నారు.