మా పర్షియన్ పిల్లి కూనకు కొన్న స్క్రాచింగ్ పోస్ట్: నాలుగు నెలల వాడకం తరువాత

ముత్యం మా ఇంటికి వచ్చిన రోజున దానికి పన్నెండు వారాలు నిండాయి. అది తెల్లని పర్షియన్ జాతి ఆడ కూన. తల్లిదండ్రుల వివరాలున్న వంశావళి పత్రాన్ని, అప్పటివరకు వేసిన టీకాల కార్డును దానితో పాటే ఇచ్చారు. పర్షియన్ పిల్లులు నెమ్మదిగా ఉంటాయని, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే గంటల తరబడి ఉంటాయని అందరూ చెప్పగా విన్నాము. పెద్ద పిల్లుల విషయంలో అది చాలావరకు నిజమే కానీ, మూడు నెలల కూనకు ఆ మాట వర్తించదని మొదటి వారంలోనే మాకు తెలిసింది. పిల్లులు సహజంగా తెల్లవారుజామున, సాయం సంధ్య వేళ చురుకుగా ఉండే జంతువులు కనుక, ముత్యం నాలుగున్నర గంటలకే లేచి హాలు నుండి వంటింటి గడప వరకు పరుగులు తీసి, కర్టెన్ అంచు పట్టుకొని వేలాడి, చివరికి మా అత్తయ్య కూర్చునే పేము కుర్చీ కాలిని రెండు ముందరి పాదాలతో పట్టుకొని కరకరమని గీరేది. ఆ కుర్చీని అత్తయ్య ముప్పై ఏళ్లుగా వాడుతున్నారు. అయినా ఆమె కోప్పడలేదు. "దానికి గీరుకోవడానికి ఏదైనా తెచ్చి పెట్టమ్మా, నోరు లేని జీవి, ఎక్కడికని పోతుంది?" అన్నారు. ఈ సమీక్ష అప్పుడు కొన్న స్క్రాచింగ్ పోస్ట్, అంటే పిల్లి గోళ్లు గీరుకునే స్తంభం గురించి.

నిజానికి ఇది మేము కొన్న రెండవ స్తంభం. మొదటిది ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ముచ్చటపడి తెప్పించినది. నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు, పళ్లెమంత పీఠం, చుట్టూ గులాబీ రంగు మెత్తని బట్ట, పైన సాగే దారానికి వేలాడే బంతి. ముత్యం దాన్ని పట్టుకొని ఒళ్లు విరుచుకోగానే స్తంభం దాని మీదికే ఒరిగింది. దెబ్బ తగలలేదు కానీ, కూన మంచం కిందికి దూరి సాయంత్రం వరకు బయటికి రాలేదు. ఆ తరువాత ఆ స్తంభం దగ్గరికి వెళ్లనే లేదు. మరునాడు పీఠం మీది బట్ట పోగులో దాని గోరు చిక్కుకొని, నేను వెళ్లి విడిపించేదాకా కాలు లాగుకుంటూ అరిచింది. అది చూసిన తరువాత, ఈ వస్తువు అందంగా ఉందా అని కాక, పిల్లి శరీరానికి సరిపోతుందా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

పిల్లి గీరడాన్ని చాలామంది చెడ్డ అలవాటుగా చూస్తారు. అది అలవాటు కాదు, శరీర ధర్మం. పిల్లి గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. ముందరి పాదాలతో గరుకైన చోట గీరినప్పుడు పాత పైపొర ఊడి, లోపలి పదునైన గోరు బయటికి వస్తుంది. మా స్తంభం చుట్టూ ఊడ్చినప్పుడల్లా నెలవంక ఆకారంలో, పలుచగా, బియ్యపు నూకంత పెంకులు దొరుకుతాయి. మొదటిసారి చూసినప్పుడు గోరే విరిగిపోయిందని భయపడ్డాను. పైగా పాదాల్లో వేళ్ల మధ్య ఉండే వాసన గ్రంథుల ద్వారా పిల్లి తన జాడను అక్కడ వదులుతుంది. వెన్ను, భుజాల కండరాలను పూర్తిగా సాగదీసుకుంటుంది. కాబట్టి గీరడాన్ని మాన్పించాలని చూడటం కంటే, గీరుకోవడానికి తగిన చోటు చూపించడమే మార్గం. కొందరు గోళ్లు శాశ్వతంగా తీయించేస్తారు. అది గోరు తీయడం కాదు, ప్రతి వేలి చివరి ఎముకను కోసివేయడం. ఆ ఆలోచన ఎవరూ చేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

రెండవ స్తంభాన్ని నగరంలోని ఒక చిన్న వడ్రంగి దుకాణంలో, పెంపుడు జంతువుల సామాను తయారుచేసేవారి దగ్గర 3,200 రూపాయలకు కొన్నాము. ఎత్తు 90 సెంటీమీటర్లు, లోపలి కర్ర మందం 10 సెంటీమీటర్లు, పీఠం 50 సెంటీమీటర్ల చదరం, మొత్తం బరువు దాదాపు తొమ్మిది కిలోలు. కర్ర చుట్టూ 8 మిల్లీమీటర్ల సైసల్ తాడును సందు లేకుండా బిగించి చుట్టారు. సైసల్ అంటే మనకు తెలియని వస్తువేమీ కాదు, కిత్తనార జాతి మొక్క ఆకుల నుండి తీసే పీచే. రైలు కట్టల పక్కన, పొలం గట్ల మీద కంచెగా పెంచే కిత్తనారకు అది దగ్గరి చుట్టం. కొబ్బరి తాడు మరీ గుచ్చుకొని పొట్టు రాలుతుంది. జనపనార మెత్తగా ఉండి త్వరగా నలిగిపోతుంది. గోరు దిగి, పట్టు దొరికి, మళ్లీ తేలికగా బయటికి రావడానికి సైసల్ సరిగ్గా సరిపోతుంది.

ఎత్తు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కూన చిన్నదే కదా అని చిన్న స్తంభం కొంటే ఆ డబ్బు వృథా. ఇప్పుడు ఏడు నెలల ముత్యం వెనుక కాళ్ల మీద నిలబడి చాచితే దాని పాదాలు 65 సెంటీమీటర్ల ఎత్తును అందుకుంటున్నాయి. ఇంకా పెరగవలసి ఉంది. పూర్తిగా ఒళ్లు సాగదీసుకోలేని స్తంభాన్ని వదిలి పిల్లి సోఫా వెన్నును వెతుక్కుంటుంది. బరువు కూడా అంతే ముఖ్యం. మా ముత్యం పరుగెత్తుకొచ్చి స్తంభాన్ని సగం ఎత్తులో కరచుకొని, వెనుక కాళ్లతో టపటపా తన్నుతుంది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అది ఒరగలేదు, గచ్చు మీద జరగలేదు.

స్తంభాన్ని ఎక్కడ పెట్టాలన్నది కొన్నవారికి ఎవరూ చెప్పరు. మేము మొదట బాల్కనీ మూలన పెట్టాము, పిల్లి పట్టించుకోలేదు. తరువాత అది నిద్రపోయే దుప్పటికి రెండడుగుల దూరంలో, పేము కుర్చీ పక్కనే పెట్టాము. నిద్ర లేచిన వెంటనే సాగదీసుకోవాలనిపిస్తుంది కనుక, మూడవ రోజుకే దానంతట అదే స్తంభం దగ్గరికి వెళ్లింది. పాదాలు పట్టుకొని బలవంతంగా స్తంభానికి రాయించకూడదు. ఈక కట్టిన పుల్లను స్తంభం మీదుగా పైకి లాగితే ఆటలో భాగంగా తానే గోళ్లు దింపుతుంది. మా అబ్బాయి రోజూ సాయంత్రం పది నిమిషాలు అలా ఆడించేవాడు. వారం తిరిగేసరికి కుర్చీ కాలిని పిల్లి పూర్తిగా మరచిపోయింది.

లోపాలు లేకపోలేదు. పైన ఇనుప కొక్కేనికి సాగే దారంతో ఒక ఈకల గుత్తి కట్టి ఇచ్చారు. దాన్ని మొదటి రోజే కత్తిరించి తీసేశాను. దారాన్ని పిల్లి మింగితే అది పేగుల్లో చిక్కుకొని ప్రాణాపాయం కలుగుతుంది. మెడకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. ఇంత బాధ్యతగా స్తంభాన్ని తయారుచేసినవారు ఆ గుత్తిని ఇవ్వకపోతే బాగుండేది. దానితో పాటు ఇచ్చిన క్యాట్‌నిప్ (పిల్లులను ఆకర్షించే వాసన గల ఒక మొక్క ఆకు) పొట్లం కూడా కూనకు ఉపయోగపడలేదు. చిన్న కూనలకు ఆ ఆకు వాసన సాధారణంగా పట్టదు. పెద్దయ్యాక కూడా దానికి స్పందించని పిల్లులు చాలానే ఉంటాయి.

మరొకటి పర్షియన్ పిల్లులున్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం. వీటి పొడవాటి వెంట్రుకలు తాడు పీచుకు చిక్కుకుంటాయి. వారానికోసారి ఇనుప దువ్వెనతో స్తంభాన్ని పైనుండి కిందికి దువ్వుతాను. గుప్పెడు తెల్లని బొచ్చు వస్తుంది. పిల్లిని ఎటూ రోజూ దువ్వవలసిందే కనుక ఇది పెద్ద శ్రమ అనిపించదు. రెండు వారాలకు ఒకసారి గోళ్ల కొనలు మాత్రం, లోపల గులాబీ రంగులో కనిపించే రక్తనాళానికి దూరంగా కత్తిరిస్తాను. దానివల్ల తాడు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడవ నెల చివరికి 45 నుండి 60 సెంటీమీటర్ల ఎత్తు మధ్య తాడు పోగులు లేచి వదులైంది. అంతమేర తాడు విప్పి, హైదరాబాదులోని బేగంబజారు నుండి అదే మందం తాడు తెచ్చి, ఫెవికాల్ రాసి తిరిగి చుట్టాను. ఆరున్నర మీటర్లు పట్టింది. జిగురు పూర్తిగా ఆరేదాకా స్తంభాన్ని పడకగదిలో పెట్టి తలుపు వేశాను. రాత్రంతా ముత్యం ఆ తలుపు బయటే కూర్చుంది. తెల్లవారి తలుపు తీయగానే లోపలికి వెళ్లి, కొత్త తాడును ఒకసారి వాసన చూసి, రెండు పాదాలూ ఎత్తి గీరడం మొదలుపెట్టింది.