ఆ ‘వింటేజ్ స్లాబ్ బోల్డ్’ ఫాంటు కొనకండి, ఉచిత ఫాంటుకే పేరు మార్చి అమ్ముతున్నారు

చెక్క పీపాల మీద, తుప్పు పట్టిన డబ్బా లేబుళ్ల మీద అచ్చేసిన బొమ్మలు పెట్టి అమ్ముతున్నారే, ఆ లావుపాటి స్లాబ్ సెరిఫ్ (అక్షరాల కొసలకి దిమ్మల్లాంటి పట్టీలుండే ఇంగ్లిష్ ఫాంటు) గురించే. 1,499 రూపాయలు, ‘కమర్షియల్ లైసెన్స్‌తో సహా’. నేను కొన్నది బొమ్మల్ని చూసి, ఫాంటుని చూసి కాదు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి!

రేడియం కటింగ్‌లో బండారం బయటపడింది. ప్లాటర్ (స్టిక్కరు కోసే యంత్రం) కత్తి ప్రతి అంచునా రెండుసార్లు తిరిగింది, మిల్లీమీటరు తేడాతో. అక్కర్లేని స్టిక్కరు పీకుతుంటే అక్షరం అంచు కూడా దారంలా ఊడొచ్చింది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో కర్వ్స్ చేసి (అంటే అక్షరాల్ని గీతలుగా మార్చి) వైర్‌ఫ్రేమ్‌లో, రంగు లేకుండా గీతలు మాత్రమే కనిపించేలా, చూడండి: మామూలు అక్షరం చుట్టూ స్ట్రోకు (మందపాటి అంచు గీత) వేసి, లోపలి పాత గీత అలాగే వదిలేసి, దానికి బోల్డ్ అని పేరు. స్లాబ్ ‘ఐ’ (I)కి మూలకొకటి చొప్పున 12 నోడ్లు (గీతని పట్టి ఉంచే చుక్కలు) చాలు. ఇందులో వందకు పైనే.

బోల్డ్ గీయడం తెలిసినవాళ్లు నిలువు గీతని బలిపించినంతగా అడ్డగీతని బలిపించరు, లోపలి ఖాళీని కాపాడతారు. స్ట్రోకుకి ఆ విచక్షణ ఎక్కడిది? చిన్న ‘ఈ’ (e) కన్ను, అంటే లోపలి ఖాళీ, మూసుకుపోయింది. పక్క ఖాళీలు పాతవే ఉంచేశారు కాబట్టి ‘హిల్’ (HILL) అని పెద్దక్షరాల్లో కొడితే నాలుగూ రైలు పెట్టెల్లా తగులుకున్నాయి. ₹ లేనే లేదు. 2010లోనే యూనికోడ్‌లోకి వచ్చిన గుర్తు. లావుపాటి 199 పక్కన వేరే ఫాంటు నుంచి బక్కచిక్కిన ₹ వచ్చి నిలబడింది.

అసలు సంగతి తర్వాత. ఫాంట్లని విప్పి చూసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలిమెంట్, ఫాంట్ ఇన్ఫో, టీటీఎఫ్ నేమ్స్ తెరిస్తే లైసెన్సు వరుసలో ‘ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1’ అని నిక్షేపంగా ఉంది, ఉచిత ఫాంట్లకి ఇచ్చే లైసెన్సు. చెరిపే ఓపిక కూడా లేదు! ఆ లైసెన్సు ప్రకారం ఫాంటుని విడిగా అమ్మకూడదు, మార్చి అయినా సరే.

అడిగితే వచ్చిన జవాబు: “డిజిటల్ ఫైలుకి వాపసు ఉండదండీ. వాడటం రాకపోతే ఫాంటుదా తప్పు?” మళ్లీ ‘అండీ’ ఒకటి. లైసెన్సు వరుస ఫొటో తీసి పంపితే బొటనవేలు బొమ్మ పెట్టి బ్లాక్ చేశారు. ఆ బొటనవేలే ఇంకా మండిస్తోంది.

పాత రూపాన్ని అనుకరించడం తప్పని కాదు. 1845లో వచ్చిన క్లారెండన్ అనే స్లాబ్ అక్షరాల అచ్చుకి మూడేళ్ల రక్షణే దొరికింది, అది తీరగానే అందరూ అలాంటివి చెక్కుకున్నారు. కానీ వాళ్లు చెక్కుకున్నారు, పేరు మార్చి సరిపెట్టలేదు.

కొనేముందు ‘₹499’, ‘హిల్’, ‘అవతార్’ (AVATAR) ఇంగ్లిష్‌లో కొట్టి కర్వ్స్ ఫైలు పంపమనండి. పంపకపోతే వదిలేయండి. ఆల్ఫా స్లాబ్ వన్ అనే ఇలాంటి లావు ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లు కర్వ్స్ చేశాక బ్రేక్ అపార్ట్ (గీతల్ని విడగొట్టే ఆదేశం) కొట్టి, బయటి గీత, పొట్టలోని ఆఖరి గీత ఉంచి, మధ్యవన్నీ తీసేసి కంబైన్ చేయండి (మళ్లీ ఒకటిగా కలపండి). కత్తి ఒక్కసారే తిరుగుతుంది. ‘ఈ’ కన్ను మాత్రం చేత్తో తెరవాల్సిందే.