ఎనిమిదేళ్ల బాయిలర్ ప్యానెల్: మీటర్లు నిలబడ్డాయి, తీగలే ఏడిపించాయి

మిర్యాలగూడ దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో నేను ఎలక్ట్రీషియన్‌ని. మాది ఊకతో మండే బాయిలర్, గంటకు 4 టన్నుల ఆవిరి ఇస్తుంది. 2017లో పాత స్టార్టర్ల పెట్టె తీసేసి కొత్త కంట్రోల్ ప్యానెల్, దానితో పాటు కొత్త సెన్సర్లన్నీ బిగించాము. కొన్న నెలకే సమీక్ష రాస్తే ప్యానెల్ తలుపు రంగు గురించి తప్ప రాయడానికి ఏమీ ఉండదు. బాయిలర్ గదిలో వేడి, ఊక దుమ్ము, ఎలుకలు తమ పని కానివ్వడానికి కనీసం రెండేళ్లు పడుతుంది. వాటికి ఎనిమిదేళ్లు ఇచ్చి చూసి ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా నీటి మట్టం సంగతి. బాయిలర్‌కు ప్రాణం అక్కడే ఉంటుంది. మాకు రెండు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి ఫ్లోటు స్విచ్చు, మా ఫైర్‌మన్లందరికీ, అంటే బాయిలర్ మండించేవాళ్లకు, అది 'మాబ్రే'. పంపును వేయడం, ఆపడం, నీరు తగ్గితే హూటర్ మోగించడం దాని పని. రెండోది పొడుగాటి కడ్డీ లాంటి ప్రోబ్. కడ్డీ కొస నీటిలో ఉన్నంతసేపు నీటి గుండా సన్నని కరెంటు పారి రిలే (కరెంటుతో మారే స్విచ్చు) పట్టుకుని ఉంటుంది. నీరు కిందికి జారితే రిలే వదిలేసి ఫ్యాను, ఊక ఫీడరు రెండూ ఆగిపోతాయి. తీగ తెగినా ఇదే జరుగుతుంది. అంటే తప్పు జరిగితే బాయిలర్ ఆగడం వైపే జరగాలన్న లెక్క. కాగితం మీద ఇది చక్కగా ఉంది. మూడో ఏడు ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూశాను. ప్రోబ్ తల దగ్గర గాస్కెట్ నుంచి ఆవిరి సన్నగా చెమర్చి, తెల్లని ఇన్సులేటర్ మీద తడి పొరలా పరుచుకుంది. కడ్డీ నుంచి బాడీకి ఆ తడి మీదుగానే కరెంటు పారింది. కింద నీరు దిగిపోయినా రిలే మాత్రం నిండుగా ఉందని నమ్మి కూర్చుంది. ప్రతి షిఫ్టులో బ్లోడౌన్ చేసి, అంటే కొంత నీరు బయటికి వదిలి, పరీక్షించే అలవాటు ఉండబట్టి ఆ రోజు దొరికిపోయింది. గాస్కెట్ ఖరీదు ఒక పూట టిఫిన్ అంత కూడా ఉండదు.

ఫ్లోటు కూడా ఒకసారి పైనే ఉండిపోయింది, ఆ తప్పు మాదే. నీటి కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్‌కు ఉప్పు వేయడం మరిచిపోయిన వారాల్లో ఫ్లోటు గది అడుగున బురద పేరుకుంది. అందుకని ఈ రెండింటికీ నేనిచ్చే మార్కులు బాగానే ఉన్నా ఒక షరతు పెడతాను: షిఫ్టుకోసారి ఫ్లోటు గది బ్లోడౌన్ చేసి, హూటర్ చెవితో విని, ఫ్యాను ఆగడం కంటితో చూడనివాళ్లు ఏ రకం కొన్నా డబ్బు దండగే. ఊక బాయిలర్‌లో ఇంకో చిక్కు ఉంది. ఫ్యాను ఆగినంత మాత్రాన గ్రేటు మీద నిప్పు ఆరదు. నీటి మట్టం చూపే గాజు గొట్టం, అదే గేజ్ గ్లాసు, ఖాళీగా కనబడితే కంగారులో పంపు వేయకూడదని కొత్త ఫైర్‌మన్‌కు నేను మొదటి రోజే చెబుతాను. ఎర్రగా కాగిన గొట్టాల మీద చల్లని నీరు పడితే ఏమవుతుందో సెన్సర్ చెప్పదు.

ప్యానెల్ చేసి ఇచ్చిన అతనితో నాకు గొడవ అయింది వైరింగ్ డ్రాయింగు దగ్గర. నీటి మట్టం కాంటాక్టును పీఎల్‌సీకి (ప్రోగ్రామ్‌తో నడిచే చిన్న కంప్యూటరుకు) మాత్రమే ఇచ్చి, ఫ్యానును ఆపే పని ప్రోగ్రామ్‌కు వదిలేశాడు. "ప్రోగ్రామ్‌లో అన్నీ ఉన్నాయండీ" అన్నాడు. ఉంటే ఉండనివ్వండి, ఆ కాంటాక్టు ఫ్యాను కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చు) కాయిల్‌కు నేరుగా సిరీస్‌లో కూడా రావాలని పట్టుబట్టాను. ఒత్తిడి స్విచ్చు, ఎమర్జెన్సీ బటన్ కూడా అదే వరుసలో పెట్టించాను. నాలుగో ఏడు ఒక రాత్రి స్క్రీను మీద ఎన్నిసార్లు ఆపు అని నొక్కినా ఎఫ్‌డీ ఫ్యాను, అదే నిప్పుకు గాలి కొట్టేది, ఆగలేదు. పీఎల్‌సీ లోపలి అవుట్‌పుట్ రిలే అతుక్కుపోయింది. నీటి మట్టం పరీక్ష చేస్తే మాత్రం ఠక్కున ఆగింది. ఆ రోజు ఆ డ్రాయింగు తీసి మళ్లీ ఒకసారి చూసుకున్నాను, కొంచెం గర్వంగానే.

ఇంకో మాట. కంట్రోల్ కరెంటుకు 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని ఒక కొసను ఎర్త్ చేయించాను. కాయిళ్లన్నీ ఎర్త్ వైపు, స్విచ్చులన్నీ లైవ్ వైపు. దీని ఫలం ఎలుకల వల్ల తెలిసింది. ఒకసారి ట్రేలో ఎలుక కొరికిన తీగ ఇనుముకు తగిలి ఫ్యూజు పోయింది, బాయిలర్ ఆగింది, అంతే. ఎర్త్ చేయకుండా గాలిలో వదిలేసి ఉంటే మొదటి తగులుడు ఎవరికీ తెలిసేది కాదు. రెండోది ఇంకోచోట తగిలితే మధ్యలో ఉన్న స్విచ్చు ఉన్నా లేనట్టే.

ఉష్ణోగ్రత సెన్సర్ల గురించి రాయడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఆ తప్పు నాది. వడ్లు నానబెట్టే తొట్టికి పీటీ-100 బిగించి, ప్యానెల్ దాకా 25 మీటర్లు సన్నని తీగ రెండు కోర్లతోనే లాగాను. మూడో కోరు మిగుల్చుకున్నానని సంతోషపడ్డాను కూడా. ఈ సెన్సర్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు చూపుతుంది. అంటే డిగ్రీకి 0.4 ఓము కూడా లేదు. రాను పోను 50 మీటర్ల సన్నని తీగ ఒక్కటే దాదాపు 2 ఓములు కలిపింది. మీటరు 5 డిగ్రీలు ఎక్కువ చూపింది, వాల్వు ముందే మూసుకుంది, నీళ్లు 5 డిగ్రీలు చల్లగా ఉండిపోయాయి. వడ్లు సరిగా నానక గింజ నడుమ తెల్ల మచ్చ వస్తుంటే మేస్త్రీ ఆవిరిని తిట్టాడు, యజమాని వడ్లు తెచ్చిన రైతును తిట్టారు. థర్మామీటరు తొట్టిలో ముంచి చూసేదాకా నన్నెవరూ తిట్టలేదు. మూడో కోరు కలిపి, మీటరులో మూడు తీగల అమరిక పెట్టాక తేడా పోయింది. చిమ్నీ థర్మోకపుల్ (పొగ వేడి కొలిచే సెన్సర్) దగ్గర దాని రకం తీగ బదులు మామూలు రాగి తీగతో అతుకు వేసినవాడు నేను కాదు గాని, అదీ ఇదే జాతి పొరపాటు. అతుకు పెట్టె 65 డిగ్రీలు, ప్యానెల్ 38 డిగ్రీలు ఉంటే ఆ తేడా అంతా రీడింగులో తరిగిపోతుంది. పొగ వేడి తక్కువగా కనబడి, గొట్టాలకు మసి పట్టిన సంగతి మాకు ఆలస్యంగా తెలిసేది.

ఒత్తిడి ట్రాన్స్‌మిటర్ మంచి సరుకు, ఎనిమిదేళ్లుగా అదే నడుస్తోంది. వంపు తిరిగిన సైఫన్ గొట్టంలో నీరు నిలిచేలా బిగించాము కాబట్టి వేడి ఆవిరి నేరుగా దానికి తగల్లేదు. 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్ కావడం వల్ల తీగ తెగితే సున్నా వస్తుంది, ఒత్తిడి లేకపోతే 4 వస్తుంది, రెండింటికీ తేడా తెలుస్తుంది. మొదట్లో మాత్రం ఐడీ ఫ్యాను (పొగను చిమ్నీలోకి లాగేది) వేగం మార్చే డ్రైవ్ తిరిగినప్పుడల్లా అంకెలు పూనకం వచ్చినట్టు ఊగేవి. సిగ్నల్ కేబుల్‌ను మోటారు కేబుల్ ఉన్న ట్రేలోనే పరిచారు, పైగా షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగును) రెండు కొసలా ఎర్త్ చేశారు. వేరే ట్రేలోకి మార్చి, షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేస్తే కుదురుకుంది.

ఫర్నేసు తలుపు పక్కన వేసిన పీవీసీ కేబుల్ ఏడాదిలోపే అప్పడంలా పెళుసై విరిగింది. సిలికాన్ ఇన్సులేషన్, గాజు నూలు తొడుగు ఉన్నది వేశాక మళ్లీ ముట్టుకోలేదు.

ఇక టచ్ స్క్రీను. ప్యానెల్‌లో అన్నిటికంటే ఖరీదైనది అదే, అన్నిటికంటే ముందు పోయింది కూడా అదే. నాలుగేళ్లకు చీకటి పడింది. ఉన్నన్నాళ్లూ ఫైర్‌మన్లు ఊక చేతులతో పొడిచి పొడిచి గీతలు పెట్టారు. ఇప్పుడు దాని చోట మూడు ఎర్ర అంకెల ఇండికేటర్లు, ఆపడానికీ వేయడానికీ మామూలు బటన్లు ఉన్నాయి. పది అడుగుల దూరం నుంచి కూడా అంకెలు కనబడుతున్నాయని ఫైర్‌మన్లు సంబరపడ్డారు.

వచ్చే నెల ఇన్‌స్పెక్టర్ గారి ఏటా తనిఖీకి బాయిలర్ చల్లారుస్తాము. అప్పుడు ఫ్లోటు గది విప్పి కడగాలి, ప్రోబ్ గాస్కెట్ మార్చాలి, టెర్మినళ్లన్నీ ఒకసారి బిగించాలి. మొన్న యజమాని కొత్త స్క్రీను కరపత్రం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. మంచి కాగితం. దాని వెనక వైపు ఖాళీగా ఉంటే మార్చాల్సిన ఫెర్రూల్ (తీగలను గుర్తుపట్టడానికి తొడిగే బిళ్లల) నంబర్లు రాసుకుంటున్నాను.