పాత పార్టు చేతిలో పెట్టే కంప్యూటర్ షాపు: చాలాకాలం వాడాక నా మాట

మల్కాజిగిరిలో మేం వాడే ఈ చిన్న షాపు నాకు నచ్చడానికి కారణం రేటు కాదు, మార్చిన పార్టు తిరిగివ్వడం. అడగకముందే పాత ర్యామ్, చెడిపోయిన హార్డ్ డిస్క్ కవర్లో వేసి చేతిలో పెడతారు. బిల్లు మీద కొత్తదాని సీరియల్ నంబరు రాస్తారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అసలు మోసమంతా అక్కడే జరుగుతుంది. పాతది చూపించనివాడు మార్చాడో, తీసి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాడో మనకేం తెలుస్తుంది? ర్యామ్ కాంటాక్టులు తుడిస్తే బాగయ్యే మెషిన్లు బోలెడు. ఇక హార్డ్ డిస్క్ అయితే, పాడైందని వదిలేసినదాంట్లోంచి కూడా ఫొటోలు, ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ కాపీలు చాలావరకు లాగొచ్చు. అది మన బీరువాలో ఉండాల్సిందే. సీరియల్ నంబరు లేని బిల్లుతో వారంటీకి వెళ్తే "ఇది మేమిచ్చింది కాదు" అనేస్తారు.

రెండో సంగతి, ఏది పోయిందో మన కళ్ళముందే చూపిస్తారు. ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచి, పసుపు రంగులో "కాషన్" అని పడిన చోట రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్ల వరసలు, అంటే డిస్క్‌లో చెడిన, చెడేలా ఉన్న చోట్ల లెక్క చూపించి, ఆ తర్వాతే ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డ్రైవ్) మాట ఎత్తారు. డెస్క్‌టాప్‌లో తేదీ రోజూ వెనక్కి పోయి, బ్రౌజర్ ఏ సైటూ సురక్షితం కాదని గోల పెడుతుంటే, వేరేచోట మదర్‌బోర్డు పోయిందన్నారు. వీళ్ళు లోపలున్న సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ మార్చి, బయాస్‌లో (విండోస్ కంటే ముందు మెషిన్‌ను లేపే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) టైము సరిచేసి పంపారు. విజిట్ ఛార్జీ 350, పని చేయిస్తే అది బిల్లులో కలిసిపోతుంది.

ఇదంతా చూసి చుట్టాలందరికీ ఈ షాపు నంబరే ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇస్తూనే ఒక మాట కలుపుతున్నాను: పెన్‌డ్రైవ్ పెట్టనిచ్చే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) కీ సంగతి మీరే అడగండి.

జరిగిందేమిటంటే, ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందని పిలిస్తే వచ్చిన కుర్రాడు దుమ్ము దులిపి, థర్మల్ పేస్టు మార్చి, పనిలో పనిగా బయాస్ కూడా అప్‌డేట్ చేశాడు. అదీ పెన్‌డ్రైవ్ నుంచి. మళ్ళీ ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. "విండోస్ కరప్ట్ అయింది మేడమ్, ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ ఎక్కించేస్తా" అన్నాడు. డేటా? "రికవరీకి బయట ఇవ్వాలి, ఛార్జీ వేరే."

ఈ రెండు మాటలూ తప్పే. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైనిన్ అయితే, చాలా మోడళ్ళలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఆ బిట్‌లాకర్ తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. తాళంచెవి మెషిన్ లోపలే ఉండే టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. బయాస్ మారితే ఆ చిప్ మెషిన్‌ను అనుమానించి తాళంచెవి ఇవ్వదు. విండోస్‌కి ఏమీ కాలేదు, డిస్క్‌కీ ఏమీ కాలేదు. అలాంటి డిస్క్ నుంచి కీ లేకుండా డేటా తీసిస్తానని డబ్బడిగేవాణ్ణి అక్కడికక్కడే పంపించేయొచ్చు. కీ లేకపోతే ఎవరి తరమూ కాదు.

ఆ రికవరీ కీ ఎక్కడుంటుందంటే, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మొదట సైనిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంటులో. మా ఇంట్లో అది అమ్మాయి కాలేజీ రోజుల ఔట్‌లుక్ ఐడీ. ఫోన్‌లో ఆ అకౌంటు తెరిచి డివైసెస్ కింద రికవరీ కీలు చూస్తే ఉంది. నీలం తెర మీద కనిపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు అక్కడి ఐడీతో సరిపోవాలి, లేకపోతే అది వేరే మెషిన్ కీ. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు కొడితే ల్యాప్‌టాప్ యథాతథంగా తెరుచుకుంది, ఒక్క ఫైలూ పోలేదు. కొన్నచోట సేల్స్ కుర్రాడే అప్పటికప్పుడు ఏదో ఐడీ సృష్టించి సెటప్ చేసిన ల్యాప్‌టాప్ అయితే మాత్రం నిజంగానే చిక్కు. ఆ ఐడీ, పాస్‌వర్డ్ ఇవాళే కనుక్కుని, కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

కుర్రాడి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. విండోస్ 7 రోజుల్లో నేర్చుకున్న అలవాటు అది, ఏ రోగానికైనా ఫార్మాటే మందు. ఇలాంటిదే ఇంకో అలవాటు, ఆఫీస్ ఉచితంగా వేసిస్తాననడం. ఆ క్రాక్ (లైసెన్సు లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రాం) పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపించాలి, అంటే దొంగకు మనమే తలుపు తీసినట్టు. నేను ఉచితంగానే దొరికే లిబ్రే ఆఫీస్ వేయించాను, ఉత్తరాలకీ లెక్కలకీ చాలు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో దాని లైసెన్సు కీ (బిట్‌లాకర్ కీ కాదు) చాలావరకు బయాస్‌లోనే ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ మళ్ళీ ఎక్కిస్తే "కీ ఖర్చు" అని వేరే ఇవ్వక్కర్లేదు.

షాపు నడిచి వెళ్ళే దూరంలో ఉంది, పని జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చోవడానికి ఇంట్లో మనిషి ఉంటారు, కాబట్టి మాకు ఇది కుదిరింది. అమ్మానాన్నలు గుంటూరులో, పిల్లలు డాలస్‌లో ఉన్న ఇళ్ళకి నేనైతే ముందు క్విక్ అసిస్ట్ చెప్తాను, దూరం నుంచే కంప్యూటర్ చూసి సరిచేయడానికి విండోస్‌లో ఉండే సౌకర్యం అది. విండోస్, కంట్రోల్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. పిల్లలు పంపిన కోడ్ కొట్టి, పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే అటువైపు కంట్రోల్ వెళ్తుంది. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి వాళ్ళు చెప్పిన యాప్ మాత్రం వేసుకోవద్దని గట్టిగా చెప్పండి. అప్పటికే డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మా షాపువాళ్ళు ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు కూడా ఇస్తామన్నారు, తీసుకోలేదు. ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి విడివిడి విజిట్లే చవక. ప్రింటరు, సీసీ కెమెరాలు, ఇంట్లోంచే ఉద్యోగం చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే లెక్క మారొచ్చు. అప్పుడు పార్టులు కూడా అందులో కలిసే ఉన్నాయా, చేతిపని మాత్రమేనా అన్నది సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకోండి.